మొదట చచ్చినవాళ్లే చాయ్ పెట్టాలి

దొంగ వేషం పడిందంటే చాలు, మా అత్తమ్మ ముందుగా కన్నకొడుకుని చంపుతుంది. ఆ తర్వాత వీలునుబట్టి కూతురినో మనవరాలినో చూసుకుంటుంది. కట్టుకున్న మనిషి జోలికి మాత్రం చివరిదాకా పోదు. దానికి కారణం ప్రేమ కాదు, చాయ్. ఆ సంగతి తర్వాత చెప్తాను.

ఇదంతా ఫోన్లో ఆడే ఆట. ఆరుగురం ఆరు ఫోన్లు పట్టుకుని ఒకే ఆటలో దూరతాం. ఓడలాంటి పెద్ద భవనం, బోలెడు గదులు, గదుల మధ్య సందులు. అందులో తలా ఒక రంగు బొమ్మై తిరుగుతుంటాం. ఆట మొదలవగానే ఒక్కరి ఫోన్లో మాత్రం నువ్వే దొంగవని పడుతుంది. మిగతావాళ్లు వైర్లు కలపడం, చెత్త పారబోయడం లాంటి చిన్న చిన్న పనులు చేసుకోవాలి. దొంగ కూడా పని చేస్తున్నట్టే నటిస్తూ, ఒంటరిగా దొరికినవాళ్లని చంపుకుంటూ పోవాలి. శవం కనపడినవాళ్లు, శవం లేకున్నా గట్టి అనుమానం ఉన్నవాళ్లు గంట కొడతారు. అప్పుడందరూ ఫోన్లలోంచి తలలెత్తి, నువ్వెక్కడున్నావంటే నువ్వెక్కడున్నావని పోట్లాడుకుని, అనుమానం ఉన్న మనిషిని ఓట్లేసి బయటికి తోసేస్తారు. తోసేసిన మనిషి దొంగైతే ఆట గెలిచినట్టు. కాకపోతే అమాయకుణ్ణి పొట్టన పెట్టుకున్నట్టు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్తాను. గుండ్రటి బల్ల చుట్టూ ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, నలుగురిలో అబద్ధం చెప్పేది ఎవరు, ఇలాంటి లెక్కలు. రోజంతా అదే పని చేసే మనిషిని కదా, ఈ ఆట నాకు మంచినీళ్లు తాగినంత సులువనుకున్నాను. ఓడిపోవడం నాకు అసలు చేతకాదు. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో ఓడితే గవ్వలు దాచేసేదాన్నని మా అమ్మ ఇప్పటికీ అందరికీ చెప్తుంది.

మా అమ్మానాన్నలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడ్డవాళ్లు. అత్తగారి వాళ్లది నల్గొండ దగ్గర పల్లె. మామయ్య బస్సు నడిపి రిటైరయ్యారు. కొత్తపేటలో, రైతు బజార్ వెనక సందులో వాళ్ల ఇల్లు. పెళ్లయ్యాక నేనూ మా ఆయనా మా ఉద్యోగాలకి దగ్గరని ఎల్బీ నగర్‌లోనే కిరాయికి దిగాం. ప్రతి ఆదివారం కొత్తపేటకి భోజనానికి వెళ్తాం. మా వదిన, అంటే మా ఆయన అక్క, అల్మాస్‌గూడ నుంచి డిగ్రీ చదివే కూతురితో వస్తుంది. ఆటని ఆ ఇంట్లోకి తెచ్చింది ఆ మేనకోడలే. నా పెళ్లి నాటికే అది పాతుకుపోయింది.

పెళ్లిచూపుల సంగతి ఒకటి చెప్పాలి, ఈ కథకి అది అవసరం. ఆ రోజు వదిన రాలేకపోయింది. అత్తమ్మ, మామయ్య, అబ్బాయి ముగ్గురూ ఆటోలో మా గేటు ముందు దిగారు. మంచి పనికి ముగ్గురు మనుషులు కలిసి పోకూడదని అత్తమ్మకి గట్టి పట్టింపు. దిగాక గుర్తొచ్చింది. వెనక్కి పోవడానికి లేదు, ఇంకొకరిని పిలవడానికి టైము లేదు. ఆటో అతన్ని బతిమాలి, ఇంజను ఆపించి, లోపలికి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. మా అమ్మ అతనికీ కాజాలు పెట్టి కాఫీ ఇచ్చింది. అబ్బాయి మేనమామ కాబోలు అనుకుని మా నాన్న, అతని పక్కనే కూర్చుని, అబ్బాయి అలవాట్లు ఎలాంటివండీ అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆటో అతను కాసేపు మా ఆయన వంక పరీక్షగా చూసి, "మంచోని లెక్కనే కనవడ్తున్నడు సార్" అన్నాడు. మా నాన్నకి ఆ జవాబు బాగా నచ్చింది. బొంకడం తెలియని మనుషులన్నాడు.

బొంకడం సంగతి నాకు పెళ్లయిన మొదటి ఆదివారమే తెలిసింది. భోజనాలయ్యాయి. అందరూ హాల్లో తలా ఒక మూల చేరి, మాటామంతీ లేకుండా ఫోన్లు తీశారు. మామయ్య మంచం మీద, వదిన గడపలో, అత్తమ్మ తన కుట్టుమిషను స్టూలు మీద, ఫోను మీద కొంగు కప్పుకుని. వీళ్లకి కొత్త కోడలంటే లెక్కే లేదా అనుకుంటుండగా మా ఆయన నా ఫోను అడిగి అందులో ఆట ఎక్కించాడు. ఆట మొదలైన కాసేపటికే ఆయన "అయిపాయె" అని లేచి వంటింట్లోకి పోయాడు. గంట మోగింది.

"అయ్యో, నా కొడుకును ఎవరు సంపిన్రే?" అంది అత్తమ్మ. గొంతులో నిజంగా దుఃఖం ఉంది.

"నువ్వేడున్నవ్ అమ్మమ్మా?" అని మేనకోడలు అడిగింది.

"నేను కరెంటు గదిల వైర్లు కలుపుతున్న బిడ్డా. అన్ని కలిపిన, ఒక్క వైరే మిగిలింది. గంట కొట్టి అది కూడ కానియ్యకపోతిరి."

ఆ ఒక్క వైరు మిగిలిందన్న మాట దగ్గర నేను పడిపోయాను. దొంగైతే అంత వివరంగా ఎలా చెప్తుంది అనుకున్నాను. చంపింది ఆవిడే. ఆ రోజు మమ్మల్నందరినీ ఒక్కొక్కరిగా పంపించి గెలిచి, కొంగు తీసి, కళ్లజోడు తుడుచుకుంది.

ఆవిడ ఆ ఇంట్లో ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టింది. ఇప్పటికీ తెలిసినవాళ్లకి కుడుతుంది. జాకెట్లు కుట్టేవాళ్ల అబద్ధం ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. బట్ట ఇంకా కవరులోంచి బయటికే తీసి ఉండదు. గుమ్మంలోకి మనిషి రాగానే, "అయిపోయిందమ్మా, హుక్కులు కుట్టుడే మిగిలింది, రేపొచ్చి తీస్కపో" అంటారు. మొత్తం అయిందంటే చూపించమంటారు, అసలు కాలేదంటే తిడతారు. హుక్కులు మిగిలాయంటే ఎవరూ ఏమీ అనలేరు. అత్తమ్మ ఆటంతా ఆ హుక్కుల మీదే నడుస్తుంది. నేను క్లాసులో చెప్పే లెక్కల్లో మనుషులు అయితే నిజం చెప్తారు, లేకపోతే అబద్ధం చెప్తారు. హుక్కులు మిగిల్చేవాళ్లు ఉండరు.

మిగతావాళ్ల ఆట పట్టుకోవడం తేలికే. మా ఆయన దొంగైతే అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అరుస్తాడు. వదిన తోడు తోడంటూ వెంట పడుతుంది, వెంట పడ్డవాళ్లనే చంపుతుంది. మేనకోడలి వేళ్లు మహా చురుకు, ఎక్కడ శవం పడినా క్షణంలో అక్కడుంటుంది. మామయ్యకి ఆట ఇప్పటికీ సరిగ్గా రాదు. ఒకే గదిలో గోడకి తగులుకుని అటూ ఇటూ పోతుంటారు. అయినా ఎప్పుడూ చివరిదాకా బతికేది ఆయనే.

దానికి కారణం ఆ ఇంటి నియమం. మొదట చచ్చినవాళ్లు లేచి వెళ్లి అందరికీ చాయ్ పెట్టాలి. ఓట్లేసి తోసేసినా అంతే, మొదట పోయినవాళ్లదే పొయ్యి. పూర్వం ఆట మధ్యలో చాయ్ పెట్టడానికి అత్తమ్మే లేవాల్సొచ్చేదట. ఆవిడ పాలు పొంగకుండా చూసుకుంటుంటే ఇక్కడ ఫోన్లో చంపేసేవాళ్లట. ఒళ్లు మండి ఆ నియమం పెట్టింది. దానికి తోడు మామయ్య ఇంకోటి పెట్టారు, చచ్చినవాళ్లు నోరెత్తకూడదని. చచ్చాక కూడా మా ఆయన ఆగకుండా మాట్లాడుతున్నాడని.

ఇక మామయ్య చాయ్ ఎలా ఉంటుందంటే, అల్లం దంచి వేయరు, ముక్కలు ముక్కలుగా వేస్తారు. నల్లబడేదాకా మరిగించి, ఆ పైన పాలు పోసి, మరిచిపోయి మళ్లీ మరిగిస్తారు. ఒకసారి తాగినవాళ్లు ఎవరూ ఆయన్ని మొదట చంపరు. తన ఆట బాగుండబట్టే బతుకుతున్నానని ఆయన నమ్మకం. మాకెవరికీ ఆ నమ్మకం పోగొట్టే ధైర్యం లేదు.

ఇంతా చెప్పి నా సంగతి చెప్పలేదు. నన్ను కూడా ఎవరూ మొదట చంపరు.

మొదట్లో గర్వపడ్డాను, దొరకకుండా తిరుగుతున్నానని. ఒక ఆదివారం మా ఆయనకి దొంగ వేషం పడితే, ఎదురుగా దొరికాను కదా అని నన్ను చంపాడు. నేను సంతోషంగా వంటింటి వైపు లేచాను. అత్తమ్మ ఫోను మిషను మీద బోర్లించి నాకంటే ముందు లేచింది. "నువ్వు కూసో బిడ్డా, నువ్వెందుకు పెడ్తవ్" అని, కొడుకు వంక కొరకొరా చూసి, బతికున్న మనిషి ఆట వదిలేసి వెళ్లి చాయ్ పెట్టింది. అప్పట్నుంచి నన్ను మొదట చంపడం ఎవరికీ గిట్టుబాటు కాలేదు. చంపితే ఆట చెడుతుంది, తిట్లు పడతాయి.

చాయ్ వచ్చినప్పుడు కూడా అంతే. అందరికీ స్టీలు గ్లాసులు. నాకు మాత్రం అద్దాల బీరువాలోంచి తీసిన పూల కప్పు, కింద సాసరు. ముందుగా నాకే అందిస్తారు. అత్తమ్మ కూర వడ్డిస్తే నాకు మంచి ముక్కలు, నేను పళ్లెం ఎత్తబోతే నా చేతిలోంచి లాక్కోవడం. ఇదంతా మర్యాదే. కొత్తలో బాగానే ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఆ సాసరు చూస్తే నాకు చిరాకెత్తేది. వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో కూడా తెలియని కోడల్ని నేనొక్కదాన్నే అనిపించేది.

దాంతో చావడానికి ప్రయత్నాలు మొదలుపెట్టాను. అత్తమ్మ దొంగేమో అనుకున్నప్పుడల్లా నా బొమ్మని ఆవిడ దారిలోకి తీసుకెళ్లి ఒంటరిగా నిలబెట్టేదాన్ని. దీపాలు ఆరిపోయిన గదుల్లో మూలకి వెళ్లి కదలకుండా ఉండేదాన్ని. ఒక ఆదివారం కరెంటు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. అత్తమ్మ బొమ్మ లోపలికి వచ్చింది. నా చుట్టూ ఒక చుట్టు తిరిగింది. కాసేపు నా ఎదురుగా ఆగింది. తర్వాత మెల్లగా బయటికి పోయింది. కాసేపటికి మంచం మీంచి మామయ్య, "ఇదేందే, నన్ను సంపిన్రు" అని ఆశ్చర్యపోతూ లేచారు.

ఆ రోజు అందరం మామయ్య చాయ్ తాగాం. నేనైతే పూల కప్పులో తాగాను. మా ఆయన ఒక గుక్క మింగి, "మీ ఇంట్ల కాఫీ కదా, నువ్వు చాయ్ పెడితే ఇంతకన్న అన్యాయంగ ఉంటదని మా అమ్మ భయం" అని ఆటపట్టించాడు. నాకూ నవ్వొచ్చింది. అదే కారణమైతే బాగుండునని కూడా అనిపించింది.

కప్పు లోపల పెడదామని వెళ్తే, వెనక పెరట్లో అంట్ల దగ్గర తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటున్నారు.

"ఏందమ్మా, ఆమె ఒక్కతే గదిల నిలవడ్డది. ఆమెను ఇడిసిపెట్టి నాయినను సంపుతవా? గా చాయ్ తాగి నాకు కడుపుల తిప్పుతున్నది" అంటోంది వదిన.

"ఎట్ల సంపాలె? సంపినంక చాయ్ పెట్టుమని ఎట్ల అనాలె? పరాయింటి పిల్ల. వారానికోపాలి ఒచ్చిపోయే పిల్లనాయె. ఆల్ల అవ్వ నాయినలకు తెలిస్తే ఏమనుకుంటరు?"

ఆ మాటలో చెడు ఏమీ లేదు. ఆవిడ దృష్టిలో అది నాకిచ్చే గౌరవం. అయినా నాకు కోపం వచ్చింది. కోపం వెనకే ఏడుపొచ్చింది. పెళ్లయ్యి ఇన్నాళ్లయినా నేను ఒచ్చిపోయే పిల్లనే. ఆ సాయంత్రం ఎల్బీ నగర్ వెళ్తూ బండి మీద మా ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను. ఫ్లైఓవర్ దిగేటప్పుడు, "ఏమైంది, మా నాయిన చాయ్ పడలేదా?" అన్నాడు. అవునన్నాను.

మర్నాడు క్లాసులో పిల్లలకి అబద్ధాల లెక్క చెప్తూ నాకు నేనే లెక్క చేసుకున్నాను. దొంగ ఎవర్ని మొదట చంపుతుంది? తనకి ప్రమాదమైనవాళ్లని. మేనకోడలు పట్టేస్తుందని చంపుతుంది. కొడుకు అరిచి అల్లరి చేస్తాడని చంపుతుంది. నేను ఇంతవరకూ అత్తమ్మని ఒక్కసారి కూడా పట్టుకోలేదు. మర్యాదకి తోడు నాతో భయమూ లేదు. మర్యాద మనసులోది, దాన్ని నేనేం చేయలేను. భయం పుట్టించడం నా చేతిలో ఉంది. ఒక్కసారి, అందరి ముందూ, ఆవిడని పట్టుకోవాలి.

అనుకోవడం సులువే. ఆవిడ మాటల్లో సందు దొరకదు, మొహంలో అంతకంటే దొరకదు. అందుకని మాట వినడం మానేసి నడక చూడటం మొదలుపెట్టాను. చివరికి నాకు దారి దొరికింది కూడా నేను ఓడిపోయిన రోజే. ఆ ఆదివారం మా ఆయన మొదట చచ్చి చాయ్ పెడుతున్నాడు. వదిన అందరినీ ఎగదోసి నన్ను తోసేయించింది, "ఈమె మస్తు లాజికులు మాట్లాడుతున్నది, ఈమేనే" అని. పోయినవాళ్లు దయ్యాలై గోడల్లోంచి తిరుగుతూ అందరినీ చూడొచ్చు. నేను అత్తమ్మ వెనకాలే తిరిగాను. ఆ ఆటలో ఆవిడ దొంగ కాదు. బుద్ధిగా పనులు చేసుకుంటోంది. చెత్త పారబోసే గదికి వెళ్లింది. లోపల మామయ్య, మేనకోడలు ఉన్నారు. గుమ్మం దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి, చుట్టూ తిరిగి వేరే గదికి పోయింది. వాళ్లు బయటికొచ్చాక మళ్లీ వచ్చి పని చేసుకుంది. ఇంకో గదిలో ఇద్దరుంటే అక్కడా అంతే.

నాకు ఆటో అతను గుర్తొచ్చాడు. దయ్యాన్ని కాబట్టి నోరు మూసుకుని కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఫోన్లో చెత్త పారబోయడానికి కూడా ఆవిడ ముగ్గురిలో ఒకతి కాదు.

తర్వాతి ఆట ఆవిడకి దొంగ వేషం పడింది, అది అయ్యాకే తెలిసిందనుకోండి. నేను కళ్లార్పకుండా చూశాను. ఇద్దరున్న గదిలోకి నేరుగా వచ్చింది, మూడో మనిషిగా నిలబడింది, అదను కోసం ఎదురుచూసింది. నిజమే కదా, పట్టింపు మంచి పనికి. చంపడానికి పోతే ఎంతమందైతేనేం. ఇది ఆవిడకి తెలిసి చేస్తున్న పని కాదు. చేతికి, కాలికి పట్టిన అలవాటు ఫోన్లోకి కూడా వచ్చేసిందంతే.

మా ఆయనకి కూడా చెప్పలేదు. రెండు ఆదివారాలు ఊరికే చూసి రూఢి చేసుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం, ఆట మొదలైన కాసేపటికి, నేనూ మేనకోడలూ ఒక గదిలో ఉన్నాం. అత్తమ్మ బొమ్మ గుమ్మంలోకొచ్చింది. ఆగలేదు. మా మధ్యకి వచ్చి నిలబడింది. నేను పరుగెత్తి గంట కొట్టాను.

ఇంకా ఎవరూ చావలేదు. శవం లేదు. అందరూ తలలెత్తి నా వైపు చూశారు.

"ఎందుకు కొట్టినవ్?" అన్నాడు మా ఆయన.

"అత్తమ్మే దొంగ" అన్నాను.

మా ఇంట్లో అత్తయ్యగారు అనడమే అలవాటు, పెళ్లయిన దగ్గర్నుంచి ఆవిడని నేను అలాగే పిలిచాను. ఆ రోజు గారూ లేదు, అండీ లేదు. మామయ్య మంచం మీద లేచి కూర్చున్నారు.

అత్తమ్మ తొణకలేదు. "నేనా బిడ్డా? నేను గిప్పుడే చెత్త పారవోసొస్తున్న. జరంత మిగిలింది, అది గూడ పోసొస్త" అంది, దారం కొరికి ముడేసినంత తాపీగా.

"సాక్ష్యమేంది?" అంది వదిన.

"సాక్ష్యం చెప్పను వదినా. తప్పయితే నన్ను తోసెయ్యండి, చాయ్ నేనే పెడతాను."

మా ఆయన ఒకసారి నా వైపు, ఒకసారి తల్లి వైపు చూసి, ఎవరికీ ఓటెయ్యకుండా ఫోను ఒళ్లో పెట్టుకున్నాడు. మేనకోడలు నాకు కన్నుగీటి అత్తమ్మకి ఓటేసింది. మామయ్య, "గామెను ఎన్నడు ఎవ్వరు పట్టలేదు, నేనైతే ఏస్తున్న" అని వేశారు. వదిన చాలాసేపు తటపటాయించి, తల్లి మొహం చూడకుండా వేసింది. అత్తమ్మ బొమ్మ ఓడలోంచి బయటికి ఎగిరిపోయింది. తనే దొంగ అని అందరి ఫోన్లలో పడింది.

హాలంతా లొల్లి లొల్లి అయిపోయింది. మామయ్య చప్పట్లు కొట్టారు. అత్తమ్మ కళ్లజోడు తీసి, మొదటిసారి చూస్తున్నట్టు నన్ను చూసింది.

"గిదెట్ల పట్టినవ్?"

"చెప్పను."

ఆవిడ మొదట పోయిన మనిషి కాబట్టి లేచి వంటింట్లోకి నడిచింది. చాయ్ తెచ్చినప్పుడు మామయ్యకి, కూతురికి, మనవరాలికి, కొడుక్కి ఇచ్చి, చివర్లో నా దగ్గరికొచ్చింది. నాకు చివర ఇవ్వడం అదే మొదలు. కప్పు పూల కప్పే. ఇచ్చాక కూడా కాసేపు అక్కడే నిలబడి, "చెప్పవా?" అంది. నేను చాయ్ ఊదుకుంటూ కూర్చున్నాను.

మరుసటి ఆదివారం తుర్కయంజాల్‌లో ఎవరిదో గృహప్రవేశం, ఆట లేదు. ఆ భోజనాల బంతిలో కూడా అత్తమ్మ నా పక్కన కూర్చుని, గులాబ్ జామూన్ నా విస్తట్లోకి తోస్తూ, మెల్లగా, "నా మొఖంల ఏమన్న తెలుస్తదా?" అని అడిగింది. నాకు ఆవిడ మీద ఎంత ప్రేమొచ్చిందో చెప్పలేను. అయినా చెప్పలేదు. ఈ కథ అచ్చయ్యాక మేనకోడలు ఆవిడకి చదివి వినిపిస్తుంది కాబట్టి నా పని అయిపోయినట్టే. ఈలోపు ఎన్ని గెలవగలనో అన్నీ గెలిచాను.

ఆ పై ఆదివారం. ఆట మొదలైంది. నేను కరెంటు గదిలోకి వెళ్లి వైర్లు కలుపుతున్నాను. నిజంగానే ఒక్క వైరు మిగిలింది. వెనక నుంచి అత్తమ్మ బొమ్మ వచ్చింది. నా చుట్టూ తిరగలేదు, ఎదురుగా ఆగలేదు. నా ఫోను ఎర్రబడింది.

చచ్చాను. ఇంటిల్లిపాదిలోకి నేనే మొదట చచ్చాను.

చచ్చినవాళ్లు మాట్లాడకూడదు కాబట్టి అరవలేదు. తలెత్తి చూస్తే అత్తమ్మ కొంగు కింద ఫోనులోకే చూస్తోంది. మేనకోడలికి నా శవం కనపడి గంట కొట్టింది. అత్తమ్మ నిట్టూర్చి, "అయ్యో, బంగారమసొంటి పిల్ల. ఎవనికి చేతులొచ్చినయే?" అంది. కాసేపట్లో ఆ నేరం కొడుకు మీదికి నెట్టి, ఆయన్ని తోసేయించింది కూడా. మా ఆయన లబోదిబోమని మొత్తుకున్నా ఎవరూ వినలేదు.

నేను వంటింట్లో నిలబడ్డాను. ఈసారి నన్ను కూర్చోమన్నవాళ్లు లేరు. గిన్నె దొరికింది, పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, అల్లం కిటికీలో ఉంది. చాయ్‌పత్త డబ్బా వెతగ్గా వెతగ్గా కనపడింది. పంచదార కనపడలేదు. అన్నీ ఒకేలాంటి స్టీలు డబ్బాలు. ఒకటి తెరిస్తే కందిపప్పు, ఒకటి తెరిస్తే రవ్వ, ఒకటి తెరిస్తే గుండీలు, హుక్కులు. అడుగుదామంటే చచ్చినదాన్ని, నోరెత్తకూడదు. మూతలు తీస్తున్న చప్పుడు హాల్లోకి వినపడుతూనే ఉంటుంది. మిషను స్టూలు రెండు మూడుసార్లు కిర్రుమంది. అత్తమ్మ లేవబోయి కూర్చుంటోందని నాకు తెలుస్తోంది. పొయ్యి పక్కన చిన్న సీసాలో అడుగున కాస్త పంచదార మిగిలి ఉంటే అదే విదిల్చి, అందరికీ వడగట్టాను. నా చాయ్ కూడా స్టీలు గ్లాసులోనే పోసుకున్నాను. పూల కప్పు బీరువాలోంచి తియ్యలేదు.

హాల్లోకి వచ్చేసరికి బతికున్నది నలుగురు. అత్తమ్మ ఇంకో ఇద్దరిని పంపించి ఒక్కరినే మిగిలిస్తే గెలిచినట్టే. మొహంలో ఏమీ లేదు. ఒక చేత్తో ఫోను పట్టుకుని ఇంకో చేత్తో గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది.

"సప్పగున్నది. జరంతన్న చక్కెర లేదు" అంది మనవరాలితో. "గిట్ల పెడ్తదని తెలిస్తే మీ తాతనే సంపేదాన్ని గదా."

మామయ్య గ్లాసు కింద పెట్టి, "ఏమన్నవ్?" అన్నారు. మేనకోడలు అప్పటికే గంట కొట్టేసింది.

"చాయ్ గురించి అన్న నేను. ఆటది కాదు" అంది అత్తమ్మ. ఇన్నేళ్ల హుక్కుల అనుభవం ఉండి కూడా ఆ మాట అతకలేదని ఆవిడకీ తెలిసింది. మూడు ఓట్లు పడ్డాయి. ఇంట్లో నవ్వులకి ఎదురింటివాళ్లు తలుపు తీసి చూశారు. మా ఆయన, చచ్చినవాళ్లు మాట్లాడకూడదన్న సంగతి మరిచి, "నేను చెప్పిన, చెప్పిన" అని అందరి మీదా పడ్డాడు. చచ్చినా గెలిచిన జట్టులో నేనూ ఉన్నాను.

అత్తమ్మ ఫోను మిషను మీద పెట్టింది. ఓడినందుకు ఏమాత్రం బాధ లేదు. నా చేతిలో గ్లాసు చూసి, ఆ గ్లాసు లాక్కుని, అందరి గ్లాసులూ పళ్లెంలో పెట్టుకుని లేచింది.

"లే" అంది నాతో. "చక్కెర ఏడుంటదో సూపిస్త. మళ్ల మళ్ల సూపియ్య."